వేసవిలో కాలువలు కట్టేస్తే ఆస్కార్ల తొట్టెకు నీరెలా? పెద్ద సిక్లిడ్ల పెంపకంపై సలహా కావాలి

కాలువగట్టు (పాలకొల్లు దగ్గర):

నమస్కారం. మా ఇంట్లో నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గల గాజు తొట్టెలో రెండు ఆస్కార్లను, ఒక గ్రీన్ టెర్రర్‌ను, ఒక సెవెరమ్‌ను పెంచుతున్నాము. ఇవన్నీ సిక్లిడ్ అనే కుటుంబానికి చెందిన అలంకార చేపలు. తెచ్చినప్పుడు బొటనవేలంత ఉన్న ఆస్కార్లు ఇప్పుడు జానెడు దాటాయి. అవి వెనక్కి మళ్ళేటప్పుడు ఒకవైపు గాజుకు మూతి, రెండోవైపు గాజుకు తోక తగులుతున్నాయి. గ్రీన్ టెర్రర్ తొట్టెలో సగభాగాన్ని తన సొంతం చేసుకుని, సెవెరమ్‌ను ఎప్పుడూ మూలకు తరుముతోంది. చేపలు అమ్మినవారు మాత్రం తొట్టె ఎంత ఉంటే చేప అంతే పెరుగుతుందని, కంగారు పడనక్కరలేదని చెప్పారు. ఇది నిజమేనా అన్నది నా మొదటి సందేహం.

రెండవది నీటి సంగతి. నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఇదే. ఏడాదిలో ఎక్కువ కాలం మా పంచాయతీ కుళాయిలో గోదావరి కాలువ నీరే వస్తుంది కాబట్టి వారం వారం మూడో వంతు నీరు మార్చడానికి ఇబ్బంది లేదు. వేసవిలో ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలు కట్టేసిన తరువాత మాత్రం మంచినీళ్ళ చెరువులో నిలవ చేసిన నీటినే ఊరంతా పొదుపుగా వాడుకోవాలి. ఇంట్లో మనుషుల అవసరాలకే లెక్క చూసుకునే రోజుల్లో చేపల కోసం బిందెల కొద్దీ నీరు పారబోయడానికి నాకు మనసొప్పదు. పెరట్లో బోరు ఉంది గాని ఆ నీరు ఉప్పగా ఉంటుంది, బకెట్ల అంచులకు తెల్లటి పొర కడుతుంది. వీధి చివర మినరల్ వాటర్ ప్లాంటులో టిన్నుల నీరు దొరుకుతుంది. ఈ మూడింటిలో దేనిని, ఎంత మేరకు వాడవచ్చు?

ఆరడుగుల తొట్టె కొనాలా, లేక వరండాలో సిమెంటు తొట్టె కట్టించుకోవాలా అని కూడా ఇంట్లో అనుకుంటున్నాము. మేతగా గుళికలు, అప్పుడప్పుడు చిన్న రొయ్యలు వేస్తున్నాము. మా బావగారి చేపల చెరువు నుంచి పిల్లలు తెచ్చి బతికుండగానే వేస్తే ఆస్కార్లు బాగా రంగు తేలతాయని కొందరు అంటున్నారు. దీనిపైనా అనుభవజ్ఞులు చెప్పగలరు.

గాజుగది (అమలాపురం):

కాలువగట్టు గారూ, తొట్టెను బట్టి చేప పెరుగుతుందన్న మాటను దయచేసి నమ్మకండి. ఇరుకు తొట్టెలో చేప ఎదుగుదల మందగించడం కంటికి కనిపించే విషయమే, కాని అది చేప తనను తాను సర్దుకోవడం కాదు. వ్యర్థాలు పేరుకున్న నీటిలో, తిరగడానికి చోటు లేక, నిత్యం ఒత్తిడిలో ఉండడం వల్ల గిడసబారిపోవడం. అటువంటి చేపల్లో వెన్ను వంగడం, రెక్కలు చివికిపోవడం, తలమీద గుంటలు పడడం, ఆయుష్షు తగ్గడం చూస్తాము. ఆస్కార్ ఇంటి తొట్టెలో కూడా 30 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది, సరిగా చూసుకుంటే పదేళ్ళు దాటి బతుకుతుంది. అమెజాన్ నదీ ప్రాంతానికి చెందిన ఈ చేపను 1831లో శాస్త్రలోకానికి పరిచయం చేసిన లూయీ అగాసీ, దీనిని సముద్రపు చేపల ప్రజాతి అయిన లోబోటెస్‌లో చేర్చాడు. దాని ఒడ్డూ పొడుగూ చూసినవారికి ఆ పొరపాటు ఆశ్చర్యం కలిగించదు.

తొట్టె కొనేటప్పుడు అందరూ పొడవు చూస్తారు. పెద్ద సిక్లిడ్ల విషయంలో నేను ముందుగా వెడల్పు చూడమంటాను. 30 సెంటీమీటర్ల చేప ఒళ్ళు వంచకుండా మళ్ళాలంటే కనీసం రెండడుగుల వెడల్పు ఉండాలి. మీ తొట్టెలో అడుగున్నరే ఉంది, మూతీ తోకా గాజుకు తగలడం అందుకే. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న తొట్టె అంచు వరకు నింపితే 680 లీటర్లు పడుతుంది, మీ ఇప్పటి తొట్టెలో పట్టేది 255 లీటర్లే. అయితే 680 లీటర్ల నీరంటే 680 కిలోల బరువు. దానికి గాజు, ఇసుక, స్టాండు కూడా చేరతాయి కాబట్టి మేడమీద గదిలో పెట్టే ఆలోచన చేయకండి. కింది గదిలోనైనా నేల సమంగా ఉందో లేదో లెవెల్ పెట్టి చూడండి. గాజు అడుగున థర్మోకోల్ షీటు పరచడం, పైన బరువైన మూత అమర్చడం మరిచిపోవద్దు. బెదిరిన ఆస్కార్ తేలికపాటి మూతను ఎత్తి బయట పడగలదు.

ఇక నాలుగు చేపల సహవాసం గురించి. గ్రీన్ టెర్రర్ అమెజాన్ చేప కాదు, ఆండీస్ పర్వతాలకు పడమరగా ఈక్వెడార్, పెరూ దేశాల్లో పసిఫిక్ వైపు పారే నదులది. పరిమాణంలో ఆస్కార్ కన్నా చిన్నదే అయినా ఈడు వచ్చిన మగ చేప హద్దు గీసుకుంటే ఎవరినీ రానివ్వదు. సెవెరమ్ నెమ్మదైన చేప, ఆకుకూర కూడా ఇష్టంగా తింటుంది, పోట్లాటలో నిలబడలేదు. నా అభిప్రాయంలో గ్రీన్ టెర్రర్‌ను వేరు చేయక తప్పదు. ఆస్కార్లు రెండూ ఆరడుగుల తొట్టెలో ఉండవచ్చు గాని, ఆడదేదో మగదేదో పైకి చూసి చెప్పలేము కాబట్టి అవి జంటగా కుదురుతాయన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. మూతులు పట్టుకుని తోసుకోవడం కొంతవరకు మామూలే. ఒకటి రోజంతా పై మూలన నిలబడి మేతకు కూడా రాకపోతే మాత్రం వెంటనే మధ్యలో అడ్డు పెట్టండి.

అడుగున గోదావరి ఇసుకను బాగా కడిగి పలచగా వేస్తే చాలు. మొక్కలు నాటితే ఆస్కార్లు పీకేస్తాయి. అందం కోసం ఆల్చిప్పలు, సముద్రపు గుల్లలు వేయకండి. అవి నీటిలో కరుగుతూ, ఇప్పటికే ఎక్కువగా ఉన్న మన నీటి క్షారగుణాన్ని ఇంకా పెంచుతాయి.

నీటిపరీక్ష (భీమవరం):

గాజుగది గారు చేపను బట్టి తొట్టెను లెక్క కట్టారు. నేను ఆక్వా ల్యాబ్‌లో నీటి పరీక్షలు చేసేవాడిని కనుక లెక్కను మరో చివరి నుంచి మొదలుపెడతాను. మీరు అడగవలసిన ప్రశ్న తొట్టె ఎంత పెద్దదన్నది కాదు. వేసవిలో అన్నిటికన్నా గడ్డు వారంలో మీరు ఎంత మంచి నీరు సమకూర్చగలరు అన్నదే అసలు ప్రశ్న. ఆ సంఖ్య తేలితే మీరు ఎన్ని చేపలను ఉంచుకోవచ్చో దానంతటదే తేలుతుంది. పెద్ద తొట్టె వ్యర్థాలను పలచన చేసి మీకు వ్యవధి ఇస్తుందే గాని వాటిని మాయం చేయదు. ఫిల్టరు కూడా అంతే. అందులోని బ్యాక్టీరియా చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది, ఆ నైట్రేట్ బయటికి పోయేది మీరు నీరు మార్చినప్పుడే.

మన ప్రాంతంలో దీనికి ఇంకొక చిక్కు ఉంది. రొయ్యల రైతులకు ఇది బాగా తెలుసు గాని ఇంట్లో చేపలు పెంచేవారు పట్టించుకోరు. నీటి పరీక్ష కిట్‌లో కనిపించే అమ్మోనియా అంతా విషం కాదు, అందులో ఎంత భాగం విషపూరిత రూపంలో ఉంటుందన్నది పీహెచ్‌ను (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చూపే సంఖ్యను), ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. నీరు 30 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు పీహెచ్ 7 అయితే ఆ భాగం నూటికి ఒకటి కూడా ఉండదు, పీహెచ్ 8 అయితే ఏడున్నర దాకా, 8.5 అయితే 20 దాకా పోతుంది. అమెజాన్‌లో ఆమ్లగుణం గల మెత్తటి (లవణాలు తక్కువగా ఉన్న) నీటిలో బతికే చేపకు అక్కడ హాని చేయని అమ్మోనియా, మే నెలలో మన ఊళ్ళో మొప్పలను కాల్చేస్తుంది. పుస్తకాలు చదివి పీహెచ్ తగ్గించే మందులు పోయమని నేను చెప్పను. తొట్టెల్లో పుట్టి పెరిగిన ఆస్కార్లు కాస్త గట్టి (లవణాలు ఎక్కువగా ఉన్న) నీటికి అలవాటు పడతాయి. వాటికి కీడు చేసేది నీటి గుణం ఒక్కసారిగా మారడం, అమ్మోనియా నిలవ ఉండడం. కనుక మన నీటిలో అమ్మోనియా సున్నాగా ఉండాలి, కొంచెం ఉన్నా ఫరవాలేదన్న మాట ఇక్కడ చెల్లదు.

మీ మూడు రకాల నీటిని మూడు శుభ్రమైన సీసాల్లో పట్టుకుని దగ్గరలోని ఏ ఆక్వా ల్యాబ్‌కైనా ఇవ్వండి. చెరువుల కోసం చేసే పరీక్షలే మీకూ సరిపోతాయి: పీహెచ్, ఉప్పు శాతం, కార్బొనేట్లు, బైకార్బొనేట్లు, హార్డ్‌నెస్, అమ్మోనియా. రిపోర్టు లేకుండా నిష్పత్తి చెప్పడం సరికాదు, అయినా పద్ధతి తెలియడానికి ఒక ఉదాహరణ చెబుతాను. బోరు నీటి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) 1600, ప్లాంటు నీటిది 50 అనుకుంటే, ఒక వంతు బోరుకు మూడు వంతుల ప్లాంటు నీరు కలిపితే దాదాపు 440 వస్తుంది. ప్లాంటు నీటినే పూర్తిగా వాడకండి, అందులో ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా కాచే కార్బొనేట్లు, బైకార్బొనేట్లు) దాదాపు ఉండదు. ఫిల్టరు బ్యాక్టీరియా ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌ను మార్చడానికి ఏడు మిల్లీగ్రాముల పైచిలుకు ఆల్కలినిటీని తినేస్తుంది. అది అయిపోతే పీహెచ్ ఉన్నపళంగా పడిపోయి ఫిల్టరు పని చేయడం ఆగిపోతుంది. మీ ఉప్పు బోరు ఇక్కడే ఉపయోగపడుతుంది. కొద్దిగా కలిపినప్పుడు అది ఆ లోటు తీరుస్తుంది.

కుళాయి నీటిలో బ్లీచింగ్ వాసన ఉన్న రోజున దాన్ని డ్రమ్ములో పట్టి ఎయిర్ పంపు పెట్టి ఒక రోజు ఉంచండి, లేదా క్లోరిన్‌ను విరిచే హైపో (సోడియం థయోసల్ఫేట్) వాడండి. కాలువలు కట్టేసే రోజు దగ్గర పడినప్పుడు ఒక్కసారిగా బోరు మిశ్రమానికి మారవద్దు. దానికి ముందు వారాల నుంచే ప్రతి మార్పులోనూ కొంచెం కొంచెంగా మిశ్రమాన్ని పెంచుకుంటూ వస్తే చేపలకు తేడా తెలియదు. కాలువలు వదిలాక వెనక్కి రావడమూ అదే విధంగా జరగాలి.

చెరువు మందుల దుకాణాల్లో దొరికే జియోలైట్ (అమ్మోనియాను పట్టి ఉంచే ఖనిజం), యూకా (ఒక మొక్క సారం), ప్రొబయోటిక్కుల (మేలు చేసే బ్యాక్టీరియా) గురించి కూడా ఒక మాట. అవి ఆపద సమయంలో ఒకటి రెండు రోజులు గట్టెక్కించవచ్చు గాని నీటి మార్పుకు బదులు కావు. ఇంకా ముఖ్యమైన సంగతి, నైట్రైట్ పెరిగినప్పుడు లీటరుకు ఒక గ్రాము చొప్పున కల్లుప్పు వేస్తే, అందులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల గుండా లోపలికి పోకుండా అడ్డుకుంటుంది. అది మంచి చికిత్స. కాని తొట్టెలో జియోలైట్ ఉండగా ఉప్పు వేస్తే, అది పట్టి ఉంచిన అమ్మోనియాను తిరిగి నీటిలోకి వదిలేస్తుంది. రెండూ ఒకేసారి ఎన్నడూ వాడకండి.

బావగారి చెరువు పిల్లలను వేయడం నాకు సమ్మతం కాదు. చేప పేను, లంగరు పురుగు అనే పరాన్నజీవులు మన చెరువుల్లో ఎంత మామూలో బావగారినే అడగండి. మందు కొట్టని చెరువు నుంచి అవి వస్తాయి, మందు కొట్టిన చెరువు నుంచి ఆ మందే వస్తుంది. రంగు కావాలంటే పొట్టుతో ఉన్న రొయ్యలు చాలు, రంగునిచ్చే పదార్థం ఆ పొట్టులోనే ఉంటుంది. చెరువుల్లో పెంచే పంగాస్, రూప్‌చంద్ చేపలకు వేసే తేలుడు మేత చవకగా దొరుకుతుంది గాని, మాంసాహారానికి అలవాటు పడిన పిల్ల సిక్లిడ్ల ఎదుగుదలకు అందులోని మాంసకృత్తులు చాలవు. ఈడు వచ్చిన చేపలకు రోజుకు ఒక పూట మేత, వారానికి ఒక రోజు పస్తు పెట్టండి. మేత తగ్గితే మార్చవలసిన నీరూ తగ్గుతుంది. కాలువలు కట్టేసిన నెలల్లో ఇది చాలా కలిసి వస్తుంది.

కాలువగట్టు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. వేసవిలో వారానికి రెండు వందల లీటర్ల మిశ్రమ నీరు సమకూర్చగలమని ఇంట్లో లెక్క వేసుకున్నాము. సిమెంటు తొట్టె ఆలోచన గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతుతో కట్టించాలని ఉంది, అది వరండాలో పెరటి వైపు వస్తుంది. తుపాను రోజుల్లో కరెంటు పోతే ఏం చేయాలో కూడా చెప్పగలరు.

లంకతోట (పి.గన్నవరం వైపు):

మీరు చెప్పిన కొలతలకు 2,200 లీటర్లకు పైగా నీరు పడుతుంది. వారానికి రెండు వందల లీటర్లు అంటే అందులో పదో వంతు కూడా కాదు. చేపలు రెండే అయితే అది చాలదని అనను, ఎందుకంటే వ్యర్థం పుట్టేది చేపల నుంచే గాని తొట్టె నుంచి కాదు. అయితే ఇంత పెద్ద తొట్టె కట్టాక రెండు చేపలతో ఆగేవారిని నేను తక్కువగా చూశాను. కొత్త సిమెంటు నుంచి సున్నం దిగి పీహెచ్ విపరీతంగా పెరుగుతుంది కనుక, కట్టిన తరువాత నింపడం, వదలడం వారాల తరబడి చేయాలి. మా వైపు అరటి బోదెలు ముక్కలు చేసి వేసి నానబెడతారు. ఆ పద్ధతి అనుసరించినా చివరికి నమ్మవలసింది కిట్‌నే. శుభ్రమైన నీరు పోసి కొన్ని రోజులు ఉంచినా పీహెచ్ పెరగకపోతేనే చేపలను దించండి.

వరండా అన్నారు కాబట్టి అడుగుతున్నాను, మీ పెరట్లోకి వరద నీరు వస్తుందా? గోదావరి పొంగినప్పుడు నీరెక్కే చోట, నేలమట్టాన, బయట ఈ చేపలను పెంచవద్దని నేను గట్టిగా చెబుతాను. పనామాలోని గాటూన్ సరస్సులోకి 1960ల చివర్లో పీకాక్ బాస్ అనే దక్షిణ అమెరికా సిక్లిడ్ ఎలా చేరిందో తెలుసా? పెంచుతున్న చెరువు నుంచి తప్పించుకునే చేరింది. కొన్నేళ్ళలోనే అక్కడి చిన్న చేపలు చాలావరకు కనుమరుగయ్యాయి, వాటిని తిని బతికే పక్షులు తగ్గాయి, దోమ పిల్లలను తినే చేపలు లేక దోమల సంగతీ పరిశోధకులు పట్టించుకోవలసి వచ్చింది. మనకు అంత దూరం పోనక్కరలేదు. మన వాళ్ళు జిలేబీ అని పిలిచే తిలాపియా కూడా సిక్లిడ్ కుటుంబానిదే. ఆఫ్రికాకు చెందిన ఆ చేపను 1952లో మన దేశానికి తెచ్చారు, ఇవాళ అది లేని కాలువ మన డెల్టాలో కనిపించదు. తొట్టెలు శుభ్రం చేస్తుందని కొనుక్కున్న సక్కర్ చేపలను పెద్దవయ్యాక వదిలేసినందువల్ల వలలు చిరుగుతున్న సంగతి మన మత్స్యకారులనే అడగండి. మీ గ్రీన్ టెర్రర్‌ను వేరు చేయమని గాజుగది గారు సరిగానే చెప్పారు, కాని వేరు చేయడమంటే కాలువలోకి వదలడం కాకూడదు. పెంచగలవారికి ఇవ్వండి, లేదా కొన్న దుకాణానికే తిరిగి ఇవ్వండి. ఎవరూ తీసుకోకపోతే ఇప్పటి నాలుగడుగుల తొట్టెను దానికే ఉంచండి, ఒక్క గ్రీన్ టెర్రర్‌కు అది చాలు.

కరెంటు విషయంలో చాలామంది తప్పు వైపు చూసి భయపడతారు. అమెజాన్ వరద మైదానాల్లో రాత్రివేళ నీటిలో ప్రాణవాయువు దాదాపు లేకుండా పోయే చోట్ల ఆస్కార్ తన శరీరంలోని జీవక్రియల వేగాన్ని తగ్గించుకుని బతుకుతుంది. కనుక పంపు కొంతసేపు ఆగినంత మాత్రాన మొదట పోయేది చేప కాదు, ఫిల్టరులోని బ్యాక్టీరియా. మూసి ఉన్న డబ్బా ఫిల్టరులో నీరు కదలక గంటలు గడిస్తే లోపల కుళ్ళు మొదలవుతుంది. కరెంటు రాగానే స్విచ్ వేస్తే ఆ విషపు నీరంతా నేరుగా చేపల మీదికి వస్తుంది. తుపాను హెచ్చరిక వచ్చిన రోజే మేత ఆపేయండి. కరెంటు పోయి త్వరగా రాదని తెలిసినప్పుడు ఫిల్టరు తెరిచి స్పాంజీలను, రాళ్ళను తొట్టె నీటిలోనే వేసి, బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు గాలి వాటి పక్కనే తగిలేలా పెట్టండి. ఇన్వర్టరు ఉంటే చిన్న ఎయిర్ పంపుకు కావలసిన కరెంటు చాలా తక్కువ, ఫ్యాను ఒకటి ఆపినా దాన్ని మాత్రం నడపండి. డబ్బా ఫిల్టరును తిరిగి పెట్టే ముందు అందులో మిగిలిన నీటిని పారబోసి కడగండి.

ఎండాకాలంలో నీరు 32 డిగ్రీలు దాటితే మూత స్థానంలో వల బిగించి, నీటి మీదికి చిన్న ఫ్యాను పెట్టండి. మన గాలిలో తేమ ఎక్కువ కనుక పొడి ప్రాంతాల్లో తగ్గినంతగా వేడి తగ్గదు, అయినా ఒకటి రెండు డిగ్రీలు తగ్గడం కూడా చేపకు మేలే. ఆవిరైన నీటికి బదులు పోసేటప్పుడు మాత్రం మిశ్రమం వద్దు, ప్లాంటు నీరే పోయండి. ఉప్పు ఆవిరి కాదు కదా.

కాలువగట్టు:

మా పెరట్లోకి పెద్ద వరద ఏడాది నీరు వచ్చింది. కాబట్టి సిమెంటు తొట్టె మాట ఇక లేదు. కింది గదిలో ఆరడుగుల గాజు తొట్టె పెట్టి ఆస్కార్లను అందులోకి మారుస్తాము. సెవెరమ్‌ను వాటితోపాటు ఉంచవచ్చునా? పాత తొట్టెలో గ్రీన్ టెర్రర్ ఒక్కటే ఉంటుంది.

నీటిపరీక్ష:

వారానికి రెండు వందల లీటర్లు రెండు తొట్టెలకూ పంచాలి కనుక నేనైతే సెవెరమ్‌ను మరొకరికి ఇచ్చేస్తాను. అయితే అది మొదట కాలువ నీరు దండిగా ఉన్న నెలల్లో ఆస్కార్లతో ఎలా ఉంటుందో చూసి, కాలువలు కట్టే లోపు నిర్ణయించుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. కొత్త తొట్టెకు కొత్త ఫిల్టరు పెట్టి, చేపలను దించి, రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చోవద్దు. కొత్త ఫిల్టరు పూర్తిగా సిద్ధం కావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ కొత్త ఫిల్టరును ముందుగా పాత తొట్టెకే తగిలించి, పాత దానితో పాటు నెలకు తక్కువ కాకుండా నడవనివ్వండి. ఆస్కార్లను మార్చే రోజున పాత స్పాంజీలో సగం కూడా వాటి వెంట పంపండి. వాటిని కుళాయి కింద కడగవద్దు, తొట్టె నీటిలోనే పిండండి. మార్చిన తరువాత రెండు వారాల పాటు రోజూ అమ్మోనియా, నైట్రైట్ చూసుకోండి. ఉప్పు వేయని రోజుల్లో తొట్టె నుంచి తీసిన నీటిని కొబ్బరి మొదళ్ళకు పోసుకోవచ్చు, వేసవిలో నీరు పారబోస్తున్నామన్న బాధ మీకు ఉండదు.